ఉద్యోగం మానకుండా, ఇల్లు విడవకుండా ప్రకృతి గురించి రాయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తిరుపతిలో ప్రైవేటు ఉద్యోగం, వయసు 34, ఇద్దరు చిన్నపిల్లలు, అమ్మానాన్నలు మీ దగ్గరే. అడవుల గురించి, ఊళ్ళ గురించి, ప్రయాణాల గురించి రాయాలని కోరిక. తిరగడానికి సెలవుల్లేవు, డబ్బూ అంతంతే. ఒక ఏడాది ఉద్యోగం మానేసి దేశమంతా చుట్టి వస్తే గానీ రచయిత కాలేనేమోనని టెన్షన్. సంసారం ఉన్నవాళ్ళకి ఇది అయ్యే పని కాదని స్నేహితుడెవరో అన్నాడు కూడా.

ఉద్యోగం మానొద్దు. దేశం చుట్టక్కర్లేదు. మీ ఇంటివాళ్ళు ఎలాగూ చేసే ప్రయాణాల్లోంచే రాయండి. ఇంటికి దగ్గర్లో ఒక్క చోటు పట్టుకుని అన్ని కాలాల్లోనూ అక్కడికే వెళ్ళండి. నా సమాధానం ఇంతే. ఎందుకో, ఎలాగో తీరిగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

నా సంగతి కొంచెం. పాకాల దగ్గర పల్లెలో పుట్టాను. ప్రభుత్వ హైస్కూళ్ళలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆదివారం అనుబంధాలకీ, మాసపత్రికలకీ, తిరుపతి ఆకాశవాణికీ చాలా ఏళ్ళుగా చెట్ల మీద, చెరువుల మీద, ఊళ్ళ మీద రాస్తున్నాను. ఇద్దరు పిల్లల్ని పెంచాను, మా అత్త కడదాకా మాతోనే ఉన్నారు. రాసుకోవడానికంటూ ఒక గది, ఒక సెలవు నాకెప్పుడూ లేవు. కాబట్టి నేను చెప్పేది నాలాంటి వాళ్ళకి పనికొస్తుంది. హిమాలయాలెక్కి రాసేవాళ్ళ దారి వేరు, దాని గురించి నేను మాట్లాడను.

డబ్బు సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. తెలుగు పత్రికలిచ్చే పారితోషికంతో ఇల్లు గడవదు. ఉద్యోగం మానేసినవాడు రెండో నెల నుంచి అడవిని కాదు, అద్దెనే చూస్తుంటాడు. జీతం వస్తుంటే ఎవరో అడిగారని ఏదో ఒకటి రాయాల్సిన అవసరం ఉండదు, అది పెద్ద సౌకర్యం.

ఇక ప్రయాణాలు. సెలవుల్లేవన్నారు. సంక్రాంతికి అత్తారింటికి వెళ్ళరా? మే నెలలో గంగ జాతరకి బంధువులు మీ ఇంటికి రారా? ఏడాదిలో పెళ్ళిళ్ళెన్ని, పెద్దకర్మలెన్ని, పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి ఎక్కడెక్కడికి వెళ్ళాలి? మన కుటుంబాలు ఊరికే కూర్చోవు తమ్ముడూ. ఇబ్బంది ఏంటంటే, ఆ ఊరెళ్ళి కళ్యాణమండపం చూసి, భోంచేసి, బస్సెక్కి వచ్చేస్తాం. ఆ ఊరు చూడం.

నా పద్ధతి చెప్తాను. పెళ్ళింట్లో పొద్దున్నే ఐదింటికి అందరూ వేడినీళ్ళ కోసం వరస కడతారు. నేను ఆ వరస తెమిలేలోపు చెరువు కట్ట మీదికి వెళ్తాను. మన వైపు దాదాపు ప్రతి ఊరికీ ఒక చెరువుంటుంది, దానికి కట్ట, తూము, నిండాక నీళ్ళు పొర్లిపోయే మొరవ ఉంటాయి. అక్కడ ఎవరో ఒకరు కనబడతారు, గొడ్లు తోలుకొచ్చిన ముసలాయనో, పళ్ళు తోముకుంటున్న పిల్లాడో. మూడు ప్రశ్నలడుగుతాను: ఈ చెరువుకి నీళ్ళు ఏ వంక (వాగు) నుంచి వస్తాయి, మొరవ చివరిసారి ఎప్పుడు పోయింది, కట్ట మీద ఇంతకుముందు ఏయే చెట్లుండేవి. ఇవి అడిగితే చాలు, నాలుగో ప్రశ్న వాళ్ళే చెప్తారు.

పెనుమూరు వైపు ఒక పెళ్ళిలో ఇలాగే ఒకాయన దొరికాడు. తూము పక్కన బీడీ కాల్చుకుంటున్నాడు. చెరువులో అడుగున కాసిన్ని నీళ్ళు, మిగతాదంతా తుమ్మచెట్లు. తూముకి కొంచెం ఎగువన, కట్ట రాతి వరసలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక గుండు రాయి చూపించాడు. దాని మీద తెల్లటి గీతలు, ఒకదాని మీద ఒకటి, నీటి మట్టం ఆగినచోటల్లా ఒక్కో గీత. "ఆ గుండు మునిగితే ఆ రేత్రి ఊళ్ళో ఎవురూ పండుకోరు మ్మా. లాంతర్లు ఎత్తుకోని కట్ట మీద తిరగాల్సిందే. యాడన్నా బుడగలు లేస్తా ఉంటే ఆడ ఇసక మూటలు వేస్తాము" అన్నాడు. కట్ట కింద వైపు నీళ్ళు ఊరడం ఎలా కనిపెట్టాలో చేత్తో మట్టి తీసి చూపించాడు. తాకితే చల్లగా, మెత్తగా ఉంటే సరే, మట్టి రంగు నీళ్ళు కారితే ప్రమాదం. అదంతా నోటుబుక్కులో రాసుకుని పెళ్ళి భోజనానికి వెళ్ళాను.

ఆ పేజీ చాలా ఏళ్ళు అలాగే పడుంది. 2021 నవంబరులో మన తిరుపతి మునిగినప్పుడు, రాయలచెరువు కట్టకి లీకేజీ వచ్చి కింది పల్లెల్ని ఖాళీ చేయించినప్పుడు, పత్రికలన్నీ వరద ఫోటోలతో నిండిపోయాయి. నేను ఆ పేజీ తీసి, కట్ట మీద రాత్రంతా కాపలా కాసే మనుషుల గురించి రాశాను. ఆ వ్యాసానికి వచ్చినన్ని ఉత్తరాలు నాకు ఇంకే వ్యాసానికీ రాలేదు. పెళ్ళికి వెళ్ళకపోతే ఆ వ్యాసం లేదు.

కుటుంబంతో వెళ్తే రాయలేమన్న మీ స్నేహితుడికి ఏనుగుల వీరాస్వామయ్య గురించి చెప్పండి. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగి. 1830లో బయల్దేరి, పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని కాశీకి వెళ్ళి 1831లో తిరిగొచ్చాడు. మన తిరుపతి మీదుగానే వెళ్ళాడు. దారి పొడుగునా మద్రాసులోని స్నేహితుడికి రాసిన ఉత్తరాలే కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకం అయ్యాయి. ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయి, అంగళ్ళున్నాయా, దారి ఎలా ఉంది, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. వెంట వచ్చినవాళ్ళకి తిండి, నీళ్ళు, నీడ చూడాల్సినవాడికి కనబడే సంగతులవి. ఒంటరిగా వెళ్ళేవాడికి ఒక చెంబు నీళ్ళు దొరికితే చాలు, ఊరి బావి గురించి ఆరా తీయడు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు తీస్తారు.

ఒక్కడికి రాస్తున్నట్టు రాయడం కూడా ఆయన దగ్గర నేర్చుకోదగ్గదే. నేను బెంగళూరులో ఉన్న మా చెల్లెలికి రాస్తున్నట్టు అనుకుంటాను. దానికి తెలిసిన ఊళ్ళ గురించి వర్ణనలు అక్కర్లేదు, ఏం మారిందో చెప్తే చాలు.

ఒకే చోటు అన్నాను కదా, దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, అసలు పని ఇక్కడే ఉంది.

తిరుపతిలో ఉన్నవాళ్ళు ప్రకృతి కోసం ఇంకెక్కడికో వెళ్ళాలనుకోవడం నాకు నిజంగా విచిత్రంగా ఉంటుంది. సిటీ బస్సు దిగితే శేషాచలం అడవి. 2010లో దాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. అక్కడా, చుట్టుపక్కల కొండల్లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం మన పెరటి అడవిలో ఉంది. దాని పేరెత్తగానే లారీలు, దుంగలు, అరెస్టుల వార్తలు గుర్తొస్తాయి. ఎండాకాలంలో అది పసుపు రంగు పూలు పూస్తుందని, కాయ గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో ఉంటుందని మన ఊళ్ళో ఎంతమందికి తెలుసు? దుంగ ఫోటో చూడనివాళ్ళు లేరు, పువ్వు చూసినవాళ్ళు తక్కువ. మీరు రాయాల్సింది ఆ పువ్వు గురించి.

మీకు కపిలతీర్థం దగ్గరన్నారు. అదే పట్టుకోండి. మే నెలలో వెళ్తే పైనుంచి నీళ్ళు దూకే చోట బండ మీద నల్లటి చార తప్ప ఏమీ ఉండదు. పుష్కరిణిలో నీళ్ళు కదలవు. జూన్‌లో మబ్బులొస్తాయి, గాలులొస్తాయి, వాన మాత్రం మొక్కుబడికి నాలుగు చినుకులు రాల్చి పోతుంది. అక్టోబరు చివర్లో, బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో చెప్పాక, అప్పుడు కొండ నిండుతుంది. మొదటి రోజు నీళ్ళు ఎర్రగా, ఆకులు, పుల్లలతో వస్తాయి. జోరు మరీ ఎక్కువైతే స్నానాలు ఆపేస్తారు. వాన తెరిపిచ్చాక నీళ్ళు తేటపడతాయి, అప్పటికి కార్తీకమాసం జనం వచ్చేస్తారు. అదే బండ మీద అప్పుడు పచ్చటి నాచు పట్టి ఉంటుంది. ఈ మార్పులు కళ్ళారా చూసి తేదీలతో రాసుకుంటే రెండో ఏడు మీ దగ్గర ఎవరి దగ్గరా లేని సంగతులుంటాయి.

ఇంకో మాట. మన జిల్లావాళ్ళు రాసే కథల్లో, వ్యాసాల్లో కూడా తొలకరి జల్లు, ఆషాఢ మేఘం, నిండు గోదారి కనబడుతుంటాయి. అవి వేరే జిల్లాల వానలు. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, దీపావళి అటూ ఇటూగా మొదలై కార్తీకంలో ముదురుతుంది. పుస్తకాల్లో చదివిన వానని పక్కన పెట్టి మీ మేడ మీద పడే వానని రాయండి.

జాగ్రత్తలు. ఒకే చోటు అన్నానని పొద్దుగూకాక అడవిలోకి పోవద్దు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక ఆరేళ్ళ పాప పోయింది. ఆ తర్వాత పిల్లలతో మధ్యాహ్నం దాటాక నడకదారిలో వెళ్ళకుండా దేవస్థానం ఆంక్షలు పెట్టింది. తిరుమల రాళ్ళ సందుల్లో ఉండే బంగారు బల్లి రాత్రిపూట తిరిగేది. దాన్ని చూడాలని టార్చి పట్టుకుని అడవిలో దూరితే అటవీశాఖవాళ్ళు మిమ్మల్ని ఎర్రచందనం బ్యాచ్ కింద జమకడతారు, వాళ్ళ తప్పేం లేదు. లోపలి అడవి చూడాలంటే తిరుమల తీర్థాల ముక్కోటి పండగ రోజుల కోసం ఆగండి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ రోజుల్లో దారి తెరుస్తారు, అన్నం, మంచినీళ్ళు ఏర్పాటు చేస్తారు, వేలమందితో కలిసి వెళ్ళిరావచ్చు. జనం ఎక్కువ, నిశ్శబ్దం ఉండదు, నిజమే. కానీ ఆ జనంలో ఏటా వచ్చే పల్లెటూరి పెద్దవాళ్ళుంటారు. వాళ్ళ పక్కన నడిస్తే ప్రతి చెట్టుకీ ఒక పేరు, ఒక వైద్యం, ఒక గొడవ వినబడతాయి. వైద్యాల్ని మాత్రం రాసేముందు ఎవరైనా తెలిసినవాళ్ళకి చూపించండి.

ఇప్పుడు ప్రకృతి అంటే అందం అనుకునేవాళ్ళతో నాకున్న పేచీ. మా చిన్నాడబిడ్డ వాళ్ళది పలమనేరు అవతల పల్లె. బంగారుపాళెం దాకా మామిడి తోటలు, మొగిలి ఘాట్ ఎక్కగానే గాలి చల్లబడుతుంది, ఆ పైన టమోటా, మల్బరీ. బస్సు కిటికీలోంచి చూస్తే కన్నుల పండగే. వాళ్ళ ఊరి పక్కన కౌండిన్య అభయారణ్యం. 1980ల్లో తమిళనాడు, కర్ణాటకల వైపు నుంచి ఏనుగులొచ్చి అక్కడ మకాం వేశాయి, 1990లో అభయారణ్యం చేశారు. ఏనుగు గురించి పట్నంలో కూర్చుని "గజరాజు ఠీవి" అని రాయడం తేలిక. అక్కడ వరి కోతకొచ్చే రోజుల్లో మా ఆడబిడ్డ భర్త మంచె మీద పడుకుంటాడు. డప్పు, టపాకాయలు, టార్చిలైటు పక్కన పెట్టుకుంటాడు. ఒకసారి పండక్కి వెళ్ళినప్పుడు పొద్దున్నే పొలంలో చూశాను. అరటి బోదెలు నిలువునా చీల్చి లోపలి మెత్తటి దవ్వ మాత్రం తిన్నాయి. అడుగుజాడల్లో నీళ్ళు ఊరి ఉన్నాయి, ఒక్కోదాంట్లో మా మేనకోడలి రెండు పాదాలూ పట్టాయి. మా ఆడబిడ్డ తిట్టిన తిట్లు అచ్చు వేయలేను. కానీ సాయంత్రం ఆవిడే, ఆ గుంపులో పిల్ల ఏనుగుందని, అది గట్టు ఎక్కలేక జారిన గుర్తు ఫలానా చోట ఉందని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. కోపం, ముచ్చట రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. రెండూ రాయండి. ఒక్కటే రాస్తే అది ప్రకటన అవుతుంది.

ఇంటివాళ్ళ సంగతికొస్తే, నా రాతలో సగం సరుకు ఇంట్లోంచే వచ్చింది. చింతకాయలు రాలగొట్టాక మాఘ, ఫాల్గుణాల్లో మా వసారాలో ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చుని కొట్టి గింజ తీసేవాళ్ళు. చేతులు పనిలో ఉంటే నోరు ఊరికే ఉండదు. ఏ చెట్టు ఏడాది మార్చి ఏడాది కాస్తుంది, ఏ చెట్టు పులుపు పులుసుకి బాగుంటుంది, ఎవరి చెట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కారు, అన్నీ అక్కడే. మా అత్తకి చదువు రాదు. ఈశాన్యం మూల మెరిస్తే చాలు, మిద్దె మీద ఎండబోసిన చింతపండు తీయమని కేకేసేవాళ్ళు. నేను పక్కనే కూర్చుని కొడుతూ, మధ్యలో చెయ్యి కడుక్కుని నాలుగు ముక్కలు రాసుకునేదాన్ని. "ఏందే కోడలా, లెక్కలు రాస్తా ఉండావా?" అనేవాళ్ళు. మీ అమ్మగారూ నాన్నగారూ మీ దగ్గరే ఉన్నారన్నారు. లైబ్రరీ మీ ఇంట్లోనే ఉంది, మీరేమో టికెట్లు బుక్ చేసుకోవాలని చూస్తున్నారు.

పిల్లలు ప్రయాణంలో విసిగిస్తారని భయపడొద్దు. వాళ్ళకో పని అప్పజెప్పండి. మా అమ్మాయి రోడ్డు పక్క రాళ్ళ మీద ఊళ్ళ పేర్లు రాసుకునేది. ఒకసారి తిరుమల ఘాట్ రోడ్డులో అదే అడిగింది, కొండ కింద ఒక రకం రాయి, పైన ఇంకో రకం ఎందుకుందని. నేను సైన్సు టీచర్నే, అయినా ఆ దారిలో అన్నేళ్ళు తిరిగినా దాన్ని పట్టించుకోలేదు. యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే ఒకాయన్ని అడిగితే తెలిసింది. కింద పాత గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు, ఆ రెండింటి వయసుల మధ్య పదుల కోట్ల ఏళ్ళ తేడా. దేశంలోని జాతీయ భూగర్భ స్మారకాల్లో అదొకటి. గోవిందా అనుకుంటూ రోజూ వేలమంది దాని పక్కనుంచే వెళ్తారు.

మా వారికి చెట్ల మీద ఆసక్తి శూన్యం. రైలెక్కితే నిద్రపోతారు. కానీ నేను రాసింది మొదట చదివేది ఆయనే. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది నువ్వు చూశావా, ఎక్కడైనా చదివావా?" ఆ ప్రశ్నకి నిలబడని వాక్యాలు కొట్టేస్తాను. "ప్రకృతి ఒడిలో", "పచ్చని తివాచీ", "పక్షుల కిలకిలారావాలు", ఇవన్నీ అలా పోయినవే. మీ ఇంట్లో కూడా సాహిత్యం పట్టని మనిషినొకరిని చూసి పెట్టుకోండి. తోటి రచయితలు మొహమాటపడతారు.

ఇంటివాళ్ళ గురించి రాసేటప్పుడు నాదొక నియమం ఉంది. అచ్చుకి పంపే ముందు ఆ మనిషికి చదివి వినిపిస్తాను. వద్దంటే తీసేస్తాను, వాదించను. మా ఆడబిడ్డ ఏనుగుల వ్యాసంలో తిట్లు తీసేయమంది, పిల్ల ఏనుగుని ఉంచమంది. ఇది వేధింపులు, అన్యాయాల గురించి రాసేవాళ్ళకి వర్తించదు, వాళ్ళెవరినీ అనుమతి అడగక్కర్లేదు. మనం రాసేది చింతపండు, చెరువుల గురించి. దానికోసం పండగనాడు ఒకే విస్తట్లో తినాల్సిన మనుషుల్ని దూరం చేసుకోవడం దండగ.

ఎప్పుడు రాయాలి? చూసిన రోజు రాత్రే, పడుకునే ముందు, పది లైన్లు. ఫోన్లో ఫోటో తీశాను కదా అనుకోవద్దు, ఫోటోలో వాసన, మాట, ధర ఉండవు. నా నోటుబుక్కులో ఒక పేజీ ఇలా ఉంటుంది: "కార్తీక సోమవారం. చంద్రగిరి కోట చెరువు. రాత్రి వాన, పొద్దున మబ్బు. గట్టు మీద కానుగ కింద పూలమ్మే ఆవిడ. బంతిపూలు కిలో ఎంతని అడిగితే 'వానకి కుళ్ళిపోతాయి, ఎంతకైనా ఇస్తా' అంది. లకుముకి పిట్ట కరెంటు తీగ మీద, రెండుసార్లు దూకింది, రెండోసారి చేప." ఇందులో విశేషణం ఒక్కటీ లేదు చూడండి. ఆదివారం కూర్చుని ఇలాంటి పేజీలు మూడు కలిపితే ఒక చిన్న వ్యాసం.

అచ్చు గురించి ఎక్కువ ఆలోచించకండి. ఆరేడు వందల మాటల్లో మొదలుపెట్టండి. జిల్లా అనుబంధాలకి పంపండి, తిప్పి పంపితే ఇంకోచోటికి పంపండి. రేడియోకి కూడా రాయండి. చెవికి రాసేటప్పుడు వాక్యం పొడుగైతే చదివేటప్పుడే ఊపిరి ఆగుతుంది, దాంతో రాత దానంతటదే సర్దుకుంటుంది.

దూరప్రయాణాలు అసలొద్దని కాదు. పిల్లలతో జనవరిలో ఒకసారి నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్ళండి. గూడబాతులు (పెలికన్లు) చెరువులోని చెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని పెడతాయి. పక్షుల పండగ రోజుల్లో కాకుండా మామూలు రోజున వెళ్తే ఊళ్ళో రైతులు తీరిగ్గా మాట్లాడతారు. పిట్టల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని వాళ్ళు ఆ పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వరు. వచ్చేటప్పుడు శ్రీకాళహస్తిలో దర్శనం కూడా అవుతుంది, మీ అమ్మగారు కాదనరు.

మీ నాన్నగారిది ఏ ఊరో మీరు రాయలేదు. ఊరి పేరు, చెరువు పేరు కింద రాయండి. ఆ వైపు నాకు తెలిసినవాళ్ళుంటే చెప్తాను. ఈలోగా ఈ ఆదివారం పొద్దున ఆయన్ని వెంటబెట్టుకుని కపిలతీర్థం వెళ్ళి, ఆయన చిన్నప్పుడు ఆ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవో అడగండి.